ఇరవై నాలుగో గంట బొమ్మ

మా ఆసుపత్రిలో సీటీ స్కాన్ గది నేలకింద ఉండేది. దిగడానికి లక్ష మెట్లు. సరే, ఇరవై రెండు. నేనేం చెప్పినా అందులో ముప్పాతిక వంతు కొట్టేసి వినడం మా ఇంట్లోవాళ్లకి అలవాటు. మీరూ కొట్టేసుకోండి, నేనేమీ నొచ్చుకోను. అయితే ఈ కథలో ఒకటి నుంచి ముప్పై రెండు దాకా ఒక లెక్క వస్తుంది. అందులోంచి మాత్రం ఒక్క అంకె కూడా కొట్టెయ్యకండి.

ఆ గదిలో ముప్పై ఏళ్లు టెక్నీషియన్‌గా పనిచేశాను. మధ్యలో ఏనుగు పట్టేంత గుండ్రటి చట్రం. దాని బొక్కలోకి జారే సన్నని బల్ల. గాజు అద్దానికి ఇవతల నా కుర్చీ, తెర, మైకు, పక్కన చిన్న స్పీకరు. బల్లమీది మనిషి దగ్గినా మూలిగినా ఆ స్పీకర్లోంచి నాకు వినిపించేది. మెషీను వేడెక్కకూడదని ఏసీ ఎప్పుడూ వేసే ఉంచేవాళ్లం. ఆ చలికి పెంగ్విన్లైనా స్వెట్టరు అడుగుతాయి. కిటికీ లేదు. మిట్టమధ్యాహ్నమైనా అర్ధరాత్రైనా అదే ట్యూబులైటు, అదే స్పిరిటు వాసన, గోడ లోపలెక్కడో తిరుగుతున్నట్టు అదే ఫ్యాను రొద. దెయ్యాలకి రాత్రే కావాలనేది వట్టిమాట. అలాంటి గది దొరికితే సాయంత్రం నాలుగింటికైనా వస్తాయి.

ఆ మెషీను తలని ముప్పై రెండు ముక్కలుగా కోసి చూపించేది. కత్తి ఉండదు, నెప్పి ఉండదు. రొట్టె కోసినట్టు, కిందినుంచి పైదాకా ముప్పై రెండు బొమ్మలు. వాటిని చదివే డాక్టరు పక్కనే చీకటి గదిలో, సోడాబుడ్డి కళ్లద్దాలతో, వెలుగుపెట్టె ముందు కూర్చునేవాడు. ఆయన్ని మేమంతా గుడ్లగూబ అనేవాళ్లం, ఆయన వినకుండా. ఆయనకి తెలుసు. తెలిసినా నన్ను అక్కా అనే పిలిచేవాడు.

ఇప్పుడు మా తమ్ముడి సంగతి. వాడు బస్సు కండక్టరు. వాడు "రైట్" అని అరిస్తే పక్క ఊళ్లో బస్సు కదిలేది. నిద్రలో కూడా చిల్లర అడిగేవాడు. అలాంటివాడు ఒక మధ్యాహ్నం టిక్కెట్లు కొడుతూ కొడుతూ బస్సులోనే కుప్పకూలాడు. కుడిచెయ్యి, కుడికాలు చచ్చుపడ్డాయి. మాట పోయింది. మెదడుకి ఎడమవైపు రక్తనాళంలో గడ్డ అడ్డుపడింది. తొడ దగ్గరనుంచి సన్నని గొట్టం ఎక్కించి, గడ్డ ఉన్నచోటే దాన్ని కరిగించే మందు వదిలారు. నాళాల్లో దారి కనపడటానికి రంగుమందు కూడా వదులుతారు. గడ్డ కరిగింది. దారి తెరుచుకుంది. ఎవరికివాళ్లు ఊపిరి పీల్చుకున్నారు.

సరిగ్గా సాయంత్రం నాలుగింటికి నేను బొమ్మ తీశాను. పందొమ్మిదో ముక్కలో తెల్లటి మచ్చ. బఠాణీ గింజంత. నా కంటికి కొబ్బరికాయంత కనిపించింది.

తంటా అంతా అక్కడే. రంగుమందు బయటికి చిందినా బొమ్మలో తెలుపే. రక్తం చిందినా తెలుపే. మొదటి రోజు ఏది ఏదో తేల్చడం చాలాసార్లు ఎవరి వల్లా కాదు. ఇరవై నాలుగు గంటలు ఆగి మళ్లీ తీయాలి. రంగైతే ఆపాటికి కడుక్కుపోతుంది, మచ్చ తగ్గుతుంది. రక్తమైతే కదలకుండా కూర్చుంటుంది. రంగని తేలితే రక్తం పలచబడే సూది వెంటనే ఇవ్వాలి, లేకపోతే తెరుచుకున్న నాళం మళ్లీ మూసుకుపోతుంది. అది రక్తమైతే, ఆ సూది ఇస్తే మనిషి దక్కడు.

"ఇప్పుడేం చెప్పలేనక్కా" అన్నాడు గుడ్లగూబ. "రేపు నాలుగింటికి చూద్దాం. వంపు రాసి పెట్టుకో."

వంపంటే చెబుతాను. ఆ చట్రం ముందుకీ వెనక్కీ ఒరుగుతుంది. ఎన్ని డిగ్రీలు ఒరిగిందో దాని నుదుటిమీద ఎర్ర అంకెల్లో కనిపిస్తుంది. నిన్న ఏ వంపులో తీశామో ఇవాళా అదే వంపులో తీయాలి. ఉడికిన గుడ్డుని అడ్డంగా కోస్తే పచ్చసొన ఒకలా ఉంటుంది, ఏటవాలుగా కోస్తే ఇంకోలా ఉంటుంది. వంపు మారితే, ఉన్న మచ్చ కూడా రెండు ముక్కల మధ్య పడి సగమై కనిపిస్తుంది. తగ్గకపోయినా తగ్గినట్టు ఉంటుంది.

ఈ సంగతి భూమ్మీద నాకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలీదు. ఎందుకో తర్వాత చెబుతాను.

తమ్ముడి వంపు పదిహేను. అరచేతిలో రాసుకున్నాను.

మర్నాడు పొద్దుట్నుంచీ వాన. నేలకిందికి వాన చప్పుడు రాదు, చెమ్మ వాసన మాత్రం మెట్లు దిగి వచ్చేది. రెండో టెక్నీషియన్ సెలవు. నాలుగింటికి పది నిమిషాల ముందు తమ్ముణ్ని తోపుడు మంచం మీద తెచ్చారు. వెనకే మా మరదలు, ఏడ్చి ఏడ్చి మొహం గుమ్మడిపండంత చేసుకుని.

"వదినా, నువ్వే తీస్తున్నావా?"

"నేను కాకపోతే ఎవరే, పై అధికారి వచ్చి తీస్తాడా?"

"మా పెళ్లిఫోటోలో ఆయన తల కోసేశావు. ఇవాళైనా సరిగా తియ్యి."

"ఇవాళ తల కొయ్యడమే నా పని. నువ్వెళ్లి బెంచీమీద కూర్చో."

అది నవ్వబోయి నోటికి కొంగు అడ్డుపెట్టుకుంది. తమ్ముడు నాకేసి చూశాడు. ఆ చూపులో బస్సెడు మాటలున్నాయి, ఒక్కటీ దిగడం లేదు. వాణ్ని బల్లమీదికి చేర్చి, తల కదలకుండా పట్టీ బిగించాను. చట్రాన్ని పదిహేనుకి ఒంచాను. ఎర్ర అంకె పదిహేను. అరచేతిలో అంకె పదిహేను. మూడుసార్లు చూసుకున్నాను. నా లెక్కలో అది మూడొందల సార్లు.

తలుపు మూసి నా కుర్చీలో కూర్చున్నాను. మీట నొక్కాను. బల్ల కదిలింది.

అప్పుడు వచ్చింది వాసన. స్పిరిటు కాదు, చెమ్మ కాదు. చాక్‌పీసు పొడి వాసన. నల్లబల్ల తుడిచాక తరగతి గదిలో గాలిలో నిలబడుతుందే, అది.

స్పీకరు గరగరమంది.

"ఒకటి..."

నాకు ప్రాణం లేచొచ్చింది. వాడికి మాటొచ్చింది! మరదల్ని కేకేద్దామని సగం లేచాను.

"రెండు... మూడు..."

అలాగే ఆగిపోయాను. అది మగగొంతు కాదు.

అద్దంలోంచి చూశాను. తమ్ముడి పెదవులు కనిపిస్తున్నాయి. కదలడం లేదు. ఒక్కో బొమ్మకి బల్ల ఒక్కో అడుగు జరుగుతోంది. ఒక్కో అడుగుకి ఒక్కో అంకె. నిదానంగా, పిల్లలకి ఎక్కం చెప్పినట్టు.

"పదహారు... పదిహేడు... పద్దెనిమిది..."

తర్వాతి అంకె ఏమిటో నాకు తెలుసు. దాని తర్వాత ఇంక ఏదీ రాదనీ తెలుసు.

"పందొమ్మిది..."

స్పీకరు ఆగిపోయింది.

ఆ గొంతు ఎవరిదో చెప్పాలి. అప్పటికి ఎనిమిది నెలల కిందట ఒక లెక్కల టీచరమ్మ అదే బల్లమీద పడుకుంది. ఆవిడకీ ఎడమవైపే గడ్డ, అదే మందు, పందొమ్మిదో బొమ్మలోనే మచ్చ. మాట మొత్తం పోయింది, అంకెలు మాత్రం మిగిలాయి. మాటలు పోయినా బట్టీపట్టినవి కొందరికి మిగులుతాయట. నేను కదలొద్దంటే, బెదురు పోవడానికి లెక్కపెట్టుకునేది. ఇరవై నాలుగో గంట బొమ్మ తీస్తుంటే పందొమ్మిది దగ్గర నిద్రపట్టి ఆపేసింది. ఆవిడ భర్త తలుపు బయట ఒక చేతిలో తడిగొడుగు, ఇంకో చేతిలో ఆవిడ కళ్లజోడు పట్టుకుని నిలబడ్డాడు. నేను బయటికి రాగానే అడిగాడు. "ఎంతదాకా లెక్కపెట్టిందమ్మా?"

ఆ రోజు బయట వెయ్యిమంది వరసలో ఉన్నారు. సరే, తొమ్మిది మంది. అంతకుముందు వచ్చిన మనిషికి చట్రాన్ని ఎనిమిదికి ఒంచాను. టీచరమ్మకి తిరిగి పదిహేనుకి తేవడం మర్చిపోయాను. బొమ్మలు చేతికొచ్చాక, మూలన అచ్చయ్యే అంకె చూశాను, వంపు ఎనిమిది. మళ్లీ తీయాలి. ఆవిణ్ని అప్పటికే పైకి తీసుకెళ్లిపోయారు. తిరిగి తెప్పిస్తే ఎందుకని అడుగుతారు. నేను ఊరుకున్నాను. గుడ్లగూబ బొమ్మ చూసి, మచ్చ తగ్గింది, రంగే అన్నాడు. పైన సూది ఇచ్చారు. తెల్లారేసరికి ఆవిడ లేదు.

మూడో రోజు భర్త బొమ్మల కవరు తీసుకోవడానికి వచ్చాడు. కవరు విప్పలేదు. నా మొహం చూసి మెల్లగా అడిగాడు.

"అంతా సరిగానే తీశారు కదమ్మా?"

"సరిగానే తీశామండీ" అన్నాను.

జీవితంలో కోటి అబద్ధాలాడాను. అవన్నీ నలుగురు నవ్వడానికి. అదొక్కటే వేరు.

ఇప్పుడు తమ్ముడి బొమ్మలు చేతిలో పెట్టుకుని చీకటి గదిలోకి వెళ్లాను. గుడ్లగూబ వాటిని వెలుగుపెట్టెకి తగిలించి, పక్కన నిన్నటివి తగిలించాడు. పందొమ్మిదో ముక్క దగ్గర ముక్కు ఆనించాడు. తర్వాత నవ్వాడు.

"సగానికి సగం పోయిందక్కా! రంగే. బతికిపోయాడు మీవాడు." చెయ్యి ఫోను మీదికి వెళ్లింది. "పైన సూది సిద్ధంగా పెట్టుకుని కూర్చున్నారు."

నేను బొమ్మ మూలకి చూశాను.

వంపు ఎనిమిది.

నా చేత్తో పదిహేను పెట్టాను. ఎర్ర అంకె చూశాను. అరచెయ్యి తెరిచి చూశాను... పదిహేను. బొమ్మమీద ఎనిమిది.

"డాక్టరుగారూ, ఫోను పెట్టెయ్యండి."

"ఏమైంది?"

"వంపు మారింది."

ఆయన కళ్లద్దాలు పైకి తోసుకుని చూశాడు. "ఏడు డిగ్రీలేగా. అయినా ఇంత తగ్గిందంటే..." ఫోనులో ఎవరో హలో హలో అంటున్నారు. "నాళం మళ్లీ మూసుకుంటే ఎవరిదక్కా పూచీ?"

"టీచరమ్మకీ ఇంతే తగ్గింది."

ఆయన ఏ టీచరమ్మ అని అడగలేదు.

"అదీ ఎనిమిదే" అన్నాను. "పదిహేనులో తీయాల్సింది. నాకు తెలుసు. తెలిసీ మీకు చెప్పలేదు."

ఫోను హలో అంటూనే ఉంది. ఆయన దాన్ని నెమ్మదిగా పెట్టేశాడు. కళ్లద్దాలు తీశాడు. అవి లేకుండా ఆయన మొహం నేను చూడడం అదే మొదటిసారి. గుడ్లగూబలా లేదు. పదేళ్ల పిల్లాడిలా ఉంది.

"ఎనిమిది నెలలు... నాతో కలిసి టీ తాగావు కదక్కా."

నేను ఆ బొమ్మల్ని వెలుగుపెట్టె మీంచి ఊడదీశాను.

"వెళ్లు" అన్నాడు. "మళ్లీ తియ్యి."

నేను తిరిగి లోపలికి వెళ్లాను. ట్యూబులైటు సగం వెలుగే ఇస్తోంది. తమ్ముడు కళ్లు మూసుకుని ఉన్నాడు. చట్రం నుదుటిమీద ఎర్ర అంకె... ఎనిమిది. మీట తిప్పాను. చట్రం మూలుగుతూ ఒరిగింది. తొమ్మిది. పదకొండు. పదమూడు. పదిహేను. చెయ్యి తీశాను.

చట్రం మళ్లీ కదిలింది.

ఎవరూ ముట్టుకోలేదు. పదమూడు. పదకొండు. తొమ్మిది...

ఎనిమిది.

చాక్‌పీసు వాసన ఎంత చిక్కగా ఉందంటే నాకు దగ్గొచ్చింది. మీట మళ్లీ తిప్పాను. పదిహేను. మళ్లీ జారింది. ఎనిమిది. మూడోసారి తిప్పాను. రెండు చేతులతో మీటని నొక్కిపట్టాను. లోపల ఏదో అటునుంచి తోస్తోంది... బలంగా కాదు. ఓపిగ్గా. తప్పు లెక్క చేసిన పిల్ల చెయ్యి పట్టుకుని, మళ్లీ చెయ్యి, మళ్లీ చెయ్యి అన్నట్టు.

అప్పుడు నా మణికట్టుని ఏదో పట్టుకుంది.

చూశాను. తమ్ముడి చెయ్యి.

కుడిచెయ్యి.

ఒకరోజంతా దుంగలా పడున్న చెయ్యి. సూది గుచ్చినా కదలని చెయ్యి. ఐదు వేళ్లూ నా గడియారం పట్టీ మీద బిగుసుకున్నాయి. మంచుముక్కలు. వాడి కళ్లు మూసుకునే ఉన్నాయి. నా పై ప్రాణాలు పైనే పోయాయి. మరదలు అయిదడుగుల అవతల, తలుపు బయటే ఉంది... అయిదు మైళ్ల అవతలున్నట్టుంది.

"చెప్పేశాను టీచరమ్మా" అన్నాను. గుసగుసే వచ్చింది. "డాక్టరుకి చెప్పేశాను. వీణ్ని వదిలెయ్యి... నా తమ్ముడమ్మా వీడు."

ఫ్యాను రొద ఆగింది. ముప్పై ఏళ్లలో ఆ రొద ఆగడం నేనెరగను.

వేళ్లు ఒక్కొక్కటే వదులయ్యాయి. చిటికెనవేలు చివర.

అంకె పదిహేను దగ్గర నిలబడింది. ఇక కదల్లేదు.

అద్దం ఇవతలికి పరిగెత్తి వచ్చి మీట నొక్కాను. స్పీకరు గరగరమంది. ఒకటి... రెండు... మూడు... నేను చెవులు మూసుకోలేదు. బల్లతోపాటు, ఆ గొంతుతోపాటు నేనూ లోపల్లోపల లెక్కపెట్టాను. పదిహేడు. పద్దెనిమిది. పందొమ్మిది.

నిశ్శబ్దం.

"...ఇరవై."

కుర్చీ చేతులు పట్టుకుని ఏడ్చేశాను. ఇరవై ఒకటి. ఇరవై రెండు. ఆ గొంతు ముప్పై రెండు దాకా వెళ్లింది. అక్కడ ఆగింది. చాక్‌పీసు వాసన పోయింది. ఫ్యాను మళ్లీ మొదలైంది.

గుడ్లగూబ బొమ్మలు తగిలించాడు. పందొమ్మిదో ముక్క. మచ్చ తగ్గలేదు, పెరిగింది. బఠాణీ కాదు, ఈసారి చింతగింజంత. అంచులు పదును, నిండు తెలుపు. రంగు ఇరవై నాలుగు గంటలకి పెరగదు.

"రక్తం" అన్నాడు. ఫోనెత్తి పైకి చెప్పాడు. "సూది వద్దు. దూరంగా పెట్టండి. రక్తం."

సూది ఇవ్వలేదు. ఆ మచ్చ తనంతట తను కరగడానికి నెలన్నర పట్టింది. నాళం దేవుడి దయవల్ల మూసుకోలేదు. తమ్ముడికి మూడోవారం మాటొచ్చింది. మొదటి మాట "చిల్లర". మరదలు ఆసుపత్రి మొత్తానికీ మిఠాయి పంచి, "ఇన్నాళ్లూ ఎంత ప్రశాంతంగా ఉందో" అని కళ్లు తుడుచుకుంది. కుడిచెయ్యి మాత్రం వాడికి తిరిగి రాలేదు. ఆ సాయంత్రం కూడా అది కదిలే వీల్లేదని నరాల డాక్టరు ఒట్టేసి చెప్పాడు. నా గడియారం నల్లతోలు పట్టీ మీద ఐదు తెల్లటి వేలిముద్రలు నేను ఎవరికీ చూపించలేదు. తుడిస్తే పోయాయి. పొడిపొడిగా.

ఆ రాత్రి ఇంటికి వెళ్లబోతుంటే గుడ్లగూబ మెట్ల దగ్గర ఆపాడు. కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు.

"టీచరమ్మ సంగతి మనిద్దరి మధ్యే ఉండనీ అక్కా. వాళ్లాయనకి చెబితే ఆవిడ తిరిగొస్తుందా?"

నేను తలూపాను. మర్నాడే టీచరమ్మ భర్త దగ్గరికి వెళ్లి చెప్పెయ్యాలనుకుంటూనే ఊపాను. ఆయన ఇల్లు మా ఇంటికి రెండు వీధుల అవతల. మర్నాడు వాన. ఆ పై వారం తమ్ముడికి జ్వరం. ఆ తర్వాత ఏదో. రోడ్డు మీద కనిపిస్తే నేనే అవతలి వైపుకి దాటేదాన్ని. అలా ఇరవై ఆరేళ్లు గడిచాయి. ఇందులోంచి కూడా ఏమీ కొట్టెయ్యకండి.

పోయిన నెల్లో నాకు కళ్లు తిరిగాయి. మనవరాలు బలవంతంగా స్కాన్‌కి తీసుకెళ్లింది. ఇప్పటి గదులు ఎంత ముచ్చటగా ఉన్నాయో! నేలమీదే ఉంది, పెద్ద కిటికీ, కుండీలో మొక్క, బయట ఫెళ్లున ఎండ. టెక్నీషియన్ నలభై ఏళ్ల మనిషి, చురుకైనది. ఈ కొత్త మెషీన్లు కోసే ముక్కలు వందల్లో ఉంటాయట, చట్రం వంచే పనే లేదట. కదలొద్దండీ అంది. నేను ఈ వృత్తిలో పండినదాన్ని, నాకు చెప్పాలా. పెదవులు బిగించుకుని పడుకున్నాను. నోరు విప్పలేదు. గట్టిగా ఊపిరి కూడా తీయలేదు.

అయిపోయింది. దిగి, అద్దం ఇవతలికొచ్చి, గోడ పట్టుకుని చెప్పులు తొడుక్కుంటున్నాను.

"మీ వయసుకి భలే ఓపికండీ" అంది ఆవిడ తెరమీంచి కళ్లు తిప్పకుండా. "లోపల ముప్పై రెండు దాకా లెక్కపెట్టారు."

నా చెప్పు జారిపోయింది.

"ఆ తర్వాత అడిగారు కదా, అంతా సరిగానే తీశారు కదమ్మా అని. సరిగానే తీశానండీ అని చెప్పాను, వినిపించిందా?" అని నాకేసి తిరిగి నవ్వింది. "అది సరేగానీ, ఆ ఒక్కమాటకి మీ గొంతు అచ్చం మగవాళ్ల గొంతులా వచ్చిందేమిటండీ? జలుబు చేసిందా?"